చంకలో కీ.. ఊరంతా గాలింపు!

బహదూర్‌పురా చౌరస్తా నుంచి కిషన్‌బాగ్ వైపు తిరిగినా, తాడ్‌బండ్ వైపు వెళ్లినా, ఇటు పురానాపూల్ దాకా నడిచినా దారిలో ఒక రకం దుకాణం తప్పకుండా తగులుతుంది. ఒకటే షట్టరు. లోపల జిరాక్స్ మిషన్ ఒకటి, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే కుర్రాడు ఒకడు, వెనకాల బల్లమీద పొట్ట విప్పేసిన ల్యాప్‌టాప్‌లు రెండో మూడో. ఆ బల్ల దగ్గర జరిగే సంభాషణ కాస్త అటూ ఇటూగా ఇలా ఉంటుంది.

‘‘అన్నా, ల్యాప్‌టాప్ ఆన్ అయితలేదు. బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిపోతోంది.’’

‘‘ఫార్మాట్ కొట్టాలి. సీడీ ఉందా?’’

‘‘లేదు.’’

‘‘కీ?’’

‘‘కీ అంటే?’’

‘‘సరే వదిలెయ్ తమ్మీ.. నేను వేసిస్తా. సాయంత్రం వచ్చి తీస్కపో.’’

అంతే. నాలుగు ముక్కల్లో బేరం ముగుస్తుంది. సాయంత్రానికి ల్యాప్‌టాప్ పెళ్లికూతురిలా ముస్తాబై వస్తుంది. ఇచ్చినాయన డబ్బులు తీసుకుంటాడు, తెచ్చుకున్నాయన దండం పెట్టి ఇంటికి వెళ్తాడు. ఈ సంభాషణ ఒక్క పాతబస్తీకే పరిమితం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో, వరంగల్‌లో, బెజవాడలో.. ఎక్కడ కంప్యూటర్ మొరాయిస్తే అక్కడ ఇదే మాట. తప్పు జరిగిందని ఎవరికీ అనిపించదు.

కానీ ఆ ఒక్క సాయంత్రంలో ల్యాప్‌టాప్ యజమాని చాలా పోగొట్టుకుని ఉండొచ్చు. పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు పోయి ఉండొచ్చు. కంప్యూటర్‌కి ఉన్న కాపలా పోయి ఉండొచ్చు. అన్నిటికంటే విచిత్రం.. తను ఎప్పుడో డబ్బు కట్టి కొనుక్కున్న అసలైన విండోస్ పోయి, దాని స్థానంలో దొంగ విండోస్ వచ్చి కూర్చుని ఉండొచ్చు!

అవును. కంపెనీ ల్యాప్‌టాప్ విండోస్‌తో సహా కొనుక్కున్నవాళ్లకి లైసెన్సు దాదాపు ఎప్పుడూ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. దాని ఖరీదు మొదటిరోజు బిల్లులోనే కలిసిపోయింది. సీడీ లేదు కాబట్టి లైసెన్సూ లేదనుకుని మనం దొంగదాన్ని వేయించుకుంటున్నాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

సీడీ వేరు.. లైసెన్సు వేరు

ఈ తికమకకు మూలం ఒక్కటే. సీడీ చేతిలో ఉంటే విండోస్ మనదనీ, సీడీ పోతే విండోస్ పోయిందనీ మనకి చాలాకాలంగా ఒక నమ్మకం. రేషన్ షాపుతో పోల్చి చూడండి. బియ్యం తెచ్చుకునే సంచి వేరు, రేషన్ కార్డు వేరు. సంచి చిరిగితే ఇంకోటి పట్టుకెళ్తాం, కావాలంటే పక్కింటివాళ్లది అడిగి తీసుకెళ్తాం. సంచి ఎవరిదని డీలర్ అడగడు. అడిగేది కార్డే. సీడీ, డీవీడీ, పెన్‌డ్రైవ్.. ఇవన్నీ సంచులు. లైసెన్సు కార్డు.

సంచి ఇప్పుడు ఉచితం కూడా. విండోస్ 10, 11 ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లను మైక్రోసాఫ్ట్ తన వెబ్‌సైట్లోనే పెట్టింది. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, మంచి ఇంటర్నెట్ ఉన్న ఇంకో కంప్యూటర్ ఒకటి ఉంటే చాలు, ఎవరైనా తయారు చేసుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మరి కార్డు ఎక్కడుంటుంది? కంప్యూటర్ పుట్టిన కాలాన్ని బట్టి దాని చోటు మారుతూ వచ్చింది. ఎక్స్‌పీ, విస్టా, విండోస్ 7 రోజుల్లో అది ఒక స్టిక్కరు. ల్యాప్‌టాప్ అడుగునో సీపీయూ పక్కనో అంటించి, దానిమీద 25 అక్షరాల కీ ముద్రించేవారు. చెయ్యి తగిలీ చెమట తగిలీ రెండేళ్లకే ఆ అక్షరాలు చెరిగిపోయేవి. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డ్ చిప్‌లోనే రాసి పంపడం మొదలుపెట్టాయి. హార్డ్‌డిస్క్ మొత్తం తుడిచేసినా అది చెరగదు. 2015 జులైలో విండోస్ 10 వచ్చాక ‘డిజిటల్ లైసెన్స్’ అన్నది చేరింది. ఒకసారి సక్రమంగా యాక్టివేట్ అయిన కంప్యూటర్‌ని మైక్రోసాఫ్ట్ సర్వర్లు గుర్తుపెట్టుకుంటాయి. ఫార్మాట్ చేసి మళ్లీ అదే రకం విండోస్ వేసి ఇంటర్నెట్‌కి కలిపితే, ఏ కీ అడక్కుండా తనంతట తనే యాక్టివేట్ అవుతుంది.

ఇందులో ‘అదే రకం’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. అసలు మెలిక అక్కడే ఉంది.

హోమా.. ప్రోనా?

ఇళ్లకోసం అమ్మే ల్యాప్‌టాప్‌ల్లో ఎక్కువగా ఉండేది విండోస్ ‘హోమ్’. ఆఫీసులకు అమ్మేవాటిలో ఎక్కువగా ‘ప్రో’. హోమ్ లైసెన్సు ఉన్న ల్యాప్‌టాప్‌లో హోమ్ వేస్తే తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ప్రో వేస్తే తెరుచుకోదు. ఒకే ఇంట్లో రెండు గదులకు రెండు తాళాలున్నట్టు.

రిపేర్ దుకాణంలో సాధారణంగా జరిగేదేమిటి? అక్కడ అన్ని రకాల కంప్యూటర్లకీ ఒకటే పెన్‌డ్రైవ్. అందులో ప్రో. దాంతోపాటు దాన్ని దొంగదారిలో యాక్టివేట్ చేసే చిన్న ప్రోగ్రాం, అదే ‘క్రాక్’. ఏ కంపెనీ ల్యాప్‌టాప్ వచ్చినా అదే మందు. సొంత హోమ్ లైసెన్సు చిప్‌లో నిక్షేపంలా ఉండగానే, దానిమీద నకిలీ ప్రో వచ్చి కూర్చుంటుంది. కస్టమర్‌కి తెలియదు. తెలియజెప్పేవాడూ లేడు.

దుకాణదారుడిని తిట్టిపోయడం తేలిక. కానీ అతని లెక్క అతనికుంది. ఒక్కో కంప్యూటర్ ఏ రకమో చూసి, దానికి తగ్గది డౌన్‌లోడ్ చేసి, డ్రైవర్లు వెతికి, పాత ఫైళ్లు భద్రంగా తీసిపెట్టి, తిరిగి ఎక్కించడమంటే సగం రోజు పని. ఆ పనికి మనం ఇచ్చేదెంత? పక్క షాపులో వంద తక్కువకే చేస్తున్నారని బేరమాడతాం. విండోస్ ఊరికే వస్తుందనుకున్నట్టే, అతని సమయమూ ఊరికే వస్తుందనుకుంటాం. అందుకే అన్నిటికీ పనికొచ్చే ఒక్క పెన్‌డ్రైవ్ అతనికి దారి అయింది.

అలవాటు ఎప్పటిది?

ఈ దారి ఇవాళ పడింది కాదు. తొంభైల చివరి నుంచి మన ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లలో చాలావరకు ‘అసెంబుల్డ్’వే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అని పిలిచేది.. అక్కడికి వెళ్లి మదర్‌బోర్డ్ ఒక షాపులో, మానిటర్ ఇంకో షాపులో బేరమాడి, అన్నీ బిగించి ఆటోలో ఇంటికి తెచ్చుకున్న తరం మనది. బిల్లులో ర్యామ్‌కి ధర ఉండేది, కీబోర్డ్‌కి ధర ఉండేది, మౌస్ కింద వేసే ప్యాడ్‌కీ ధర ఉండేది. విండోస్‌కి మాత్రం ఉండేది కాదు. అది మిషన్‌తో పాటే పుట్టినట్టు లోపల ఉండేది.

2001 అక్టోబరు 25న ఎక్స్‌పీ విడుదల చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ దీనికి అడ్డుకట్ట వేయాలని చూసింది. కీ కొడితే సరిపోదు, ఫోన్ ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో యాక్టివేట్ చేయాల్సిందే అంది. అయితే పెద్ద సంస్థల కోసం యాక్టివేషన్ అవసరం లేని ఒక రకాన్ని కూడా తయారు చేసింది. దాని కీ ఒకటి, ఎక్స్‌పీ అధికారికంగా మార్కెట్లోకి రాకముందే బయటికి పొక్కింది. ‘ఎఫ్‌సీకేజీడబ్ల్యూ’ అనే ఐదక్షరాలతో మొదలయ్యే ఆ కీని మార్కర్‌తో సీడీ మీద రాసుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. 2002లో సర్వీస్ ప్యాక్ 1 తెచ్చి మైక్రోసాఫ్ట్ ఆ కీని అడ్డుకుంది. ఈలోగా కొత్తవి పుట్టాయి. 2008లో ఇంకో అడుగు వేసి, నకిలీ ఎక్స్‌పీ ప్రో ఉన్న కంప్యూటర్లలో గంటకోసారి డెస్క్‌టాప్ నల్లబడేలా చేసింది. జనం విసుక్కున్నారు గానీ మానలేదు.

ఇందులో కంపెనీ పాత్ర కూడా లేకపోలేదు. 1998లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో మాట్లాడుతూ బిల్ గేట్స్ చైనా గురించి ఒక మాటన్నాడు. ఎలాగూ దొంగిలించేటట్టయితే మాదే దొంగిలించాలని కోరుకుంటాం, అలవాటు పడ్డాక డబ్బు ఎలా రాబట్టాలో తర్వాత చూసుకుంటాం అని దాని సారాంశం. ఆ లెక్క తప్పలేదు. మనమూ అలాగే అలవాటు పడ్డాం. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్‌ఏ 2018లో వెలువరించిన సర్వే ప్రకారం, 2017లో మన దేశపు కంప్యూటర్లలో ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిదే. అది కంపెనీల వైపు నుంచి వేసిన లెక్కే అనుకున్నా, సగానికి సగమన్నది మన వీధుల్లో తిరిగితే నమ్మలేని సంగతేం కాదు.

చిత్రమేమిటంటే ఆ మైక్రోసాఫ్ట్‌కి మన ఊరితో దగ్గరి చుట్టరికం. 1998లోనే హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రం తెరిచింది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న దానికి అధినేత అయ్యాడు. బహదూర్‌పురా నుంచి గచ్చిబౌలిలో ఉన్న ఆ కంపెనీ క్యాంపస్‌కి గట్టిగా ఇరవై కిలోమీటర్లు ఉండదు. అక్కడ తయారయ్యేదాని నకలే ఇక్కడి బల్లమీద ఎక్కుతోంది.

ఏ సంస్థ.. ఎవరి సంస్థ?

ఇప్పుడు మీ కంప్యూటర్ సంగతి చూద్దాం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘యాక్టివేషన్’ అన్న పేజీ తెరవండి. అక్కడ ‘డిజిటల్ లైసెన్స్’ అన్న మాట ఉంటే సాధారణంగా బెంగ లేదు. అలా కాకుండా ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా యాక్టివేట్ అయింది’ అని అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉందనుకోండి.. ఒక్క క్షణం ఆలోచించండి. మీ సంస్థ ఏది? అది ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే సరే. మీ ఇంట్లో మీ అమ్మాయి చదువుకునే కంప్యూటర్ అయితే అక్కడ సంస్థ ఎక్కడిది?

వందల కంప్యూటర్లున్న ఆఫీసులు ఒక్కోదానికీ కీ కొట్టలేవు కాబట్టి, సొంత సర్వర్ ఒకటి పెట్టుకుని దాని ద్వారా అన్నిటినీ యాక్టివేట్ చేసుకునే ఏర్పాటును మైక్రోసాఫ్టే కల్పించింది. దాన్నే కేఎంఎస్ అంటారు. అందులోని కంప్యూటర్లు 180 రోజుల్లోపు మళ్లీ ఆ సర్వర్‌కి హాజరు వేయించుకోవాలి. మార్కెట్లో ఎక్కువగా తిరిగే క్రాక్‌లు చేసేది ఇదే. మీ కంప్యూటర్లోనే ఉత్తుత్తి సర్వర్‌ని సృష్టించి, మీరొక పెద్ద సంస్థలో ఉద్యోగి అని విండోస్‌ని నమ్మిస్తాయి. ‘ఆరునెలలకోసారి మళ్లీ వేయించాలి’ అని కొందరు మెకానిక్‌లు చెప్పే మాటకు అర్థం ఇదన్నమాట.

నమ్మించడంతో ఆగితే గొడవే లేదు. ఇలాంటి ప్రోగ్రాం నడవాలంటే ముందు యాంటీవైరస్‌ని ఆపేయమంటుంది. దొంగ వచ్చి ‘కాసేపు కుక్కను కట్టేయండి’ అన్నట్టు! ఆ కాసేపట్లో లోపలికి ఇంకేం వచ్చాయో చూసేవాళ్లు లేరు. క్రాక్ తయారుచేసిన మనిషి ఎవరో దాన్ని వాడే మెకానిక్‌కీ తెలియదు. అతను ఇంకెవరి దగ్గరో తెచ్చుకున్నాడు. పైగా, క్రాక్ చెడిపోకూడదని చాలాచోట్ల విండోస్ అప్‌డేట్లు ఆపేసి ఇస్తారు. అక్కడే అసలు ప్రమాదం.

2017 మే నెలలో ‘వన్నాక్రై’ పేరుతో వచ్చిన ఉపద్రవం గుర్తుందా? నూటయాభై దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆ వేసుకోనివాళ్లంతా నకిలీ విండోస్ వాడేవాళ్లని కాదు. కానీ అప్‌డేట్లు ఆపేసి ఇచ్చిన ప్రతి కంప్యూటరూ ఆ గుంపులో చేరినట్టే. అదే కంప్యూటర్లో బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నాం, స్కాలర్‌షిప్ కోసం ఆధార్ ఎక్కిస్తున్నాం.

చట్టం ఏమంటోంది?

1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది. 1994 సవరణతో చేరింది. నకిలీదని తెలిసి తెలిసి ఒక ప్రోగ్రాంని కంప్యూటర్లో వాడితే వారం రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని చెబుతోందది. లాభం కోసమో, వ్యాపారంలో భాగంగానో కాకుండా వాడిన సందర్భంలో, తగిన కారణాలుంటే కోర్టు జైలు వద్దని 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. అంటే ఇంట్లో వాడుకునేవాళ్లకీ, దాంతో వ్యాపారం చేసేవాళ్లకీ చట్టం తేడా చూపిస్తోంది. జిరాక్స్ షాపు, డీటీపీ సెంటర్, ట్యూషన్ సెంటర్ నడిపేవాళ్లు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఇదే చట్టం మనకి ఒక హక్కు కూడా ఇచ్చింది. సక్రమంగా కొనుక్కున్న ప్రోగ్రాం పోకుండా, పాడవకుండా జాగ్రత్త కోసం కాపీ చేసుకుని దాచుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి సీడీ పోయిందని మళ్లీ అదే కాపీ వెతుక్కునే మనిషి దొంగ కాదు. లైసెన్సు తనదైతే చాలు.

అక్కడ పోయేది విండోస్ మాత్రమే కాదు

లైసెన్సు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఫైళ్లు పోతే? ఫార్మాట్ అనగానే ‘సీ డ్రైవ్ ఒక్కటే కొడతాం, డీ డ్రైవ్ ముట్టుకోం’ అంటారు దుకాణంలో. నిజమే. కానీ మనం డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో దాచినవి.. అన్నీ ఉండేది మామూలుగా సీ డ్రైవ్‌లోనే. ‘నా ఫొటోలు కళ్ల ముందే ఉన్నాయి కదా, డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి’ అనుకునేవాళ్లే ముందు పోగొట్టుకుంటారు.

విండోస్ తెరుచుకోనంత మాత్రాన ఫైళ్లు చచ్చిపోయినట్టు కాదు. తలుపు బిగుసుకుపోయింది, ఇల్లు అలాగే ఉంది. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ని ఆన్ చేసి, లోపలి ఫైళ్లను బయట హార్డ్‌డిస్క్‌లోకి లాగేయవచ్చు. డిస్క్ పాడవ్వకపోతే పని తెలిసిన మెకానిక్‌కి ఇది గంటా రెండుగంటల్లో అయ్యే పని. అయితే కొత్త ల్యాప్‌టాప్‌ల్లో ‘బిట్‌లాకర్’ అనే తాళం, చాలాసార్లు మనకి తెలియకుండానే, పడి ఉంటుంది. దాన్ని తీసే 48 అంకెల రికవరీ కీ సాధారణంగా మన మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపతను ఏదో మెయిల్ ఐడీ సృష్టించి ఇచ్చాడు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు.. ఇలాంటి ఇళ్లు ఎన్నో! ఆ అకౌంట్ మన చేతిలో లేకపోతే ఆ ఫైళ్లకు దారి మూసుకుపోయినట్టే. కంప్యూటర్ బాగున్నప్పుడే ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం మంచిది.

వ్యాపారాల సంగతి ఇంకా సున్నితం. పాతబస్తీలో చత్తా బజార్ ఉంది. పెళ్లి పత్రికలకు, ఉర్దూ అచ్చుపనికి పెట్టింది పేరు. నస్తాలీఖ్ లిపిలో పత్రిక కూర్చాలంటే ‘ఇన్‌పేజ్’ వాడతారు. తెలుగు డీటీపీ చేసేవాళ్లకు ‘అను’ ఫాంట్లు, పేజ్‌మేకర్ లేనిదే చెయ్యి ఆడదు. దుకాణం లెక్కలకు ట్యాలీ. ఫార్మాట్ కొడితే వీటన్నిటికీ ఒకేసారి నూకలు చెల్లుతాయి. పాత పత్రికల ఫైళ్లున్నా వాటిని తెరిచే ప్రోగ్రాం, ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చిగీతలే. ట్యాలీ లైసెన్సును ఫార్మాట్‌కు ముందే ‘సరెండర్’ చేసుకుంటే కొత్తగా వేశాక తేలిగ్గా తిరిగి తెచ్చుకోవచ్చు. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో తొందరపడి ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లకి, ఆ వారం ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు.

నిజంగానే లైసెన్సు లేకపోతే?

ఇప్పటిదాకా చెప్పింది లైసెన్సు లోపలే ఉన్నవాళ్లకు. నిజంగానే లేనివాళ్ల మాటేమిటి? పురానాపూల్ దగ్గర గురువారం గురువారం సాగే జుమేరాత్ బజార్ లాంటి చోట్ల పాత సామాను కొనేవాళ్లుంటారు. ఆఫీసులు వదిలించుకున్న కంప్యూటర్లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లుంటారు. కొత్తవాటిలోనూ ధర తగ్గించడానికి విండోస్ లేకుండా, ‘డాస్’ పేరుతో అమ్మినవి ఉన్నాయి. అసెంబుల్డ్ వాటి సంగతి సరేసరి. వీటికి ముందు చేయాల్సింది చిప్‌లో కీ ఉందో లేదో చూడటం. ఆఫీసుల నుంచి వచ్చిన బ్రాండెడ్ కంప్యూటర్లలో చాలాసార్లు ప్రో కీ అలాగే ఉంటుంది. మెకానిక్ ఒక చిన్న కమాండ్ కొట్టి చూడగలడు. కంప్యూటర్‌తో వచ్చే ఈ లైసెన్సు మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, బోర్డు మార్చేసిన ల్యాప్‌టాప్‌లో దానిమీద ఆశ పెట్టుకోకూడదు. విండోస్ 7 స్టిక్కర్ మీది కీతో కొత్త విండోస్‌ని యాక్టివేట్ చేసే వెసులుబాటు కూడా 2023 సెప్టెంబరుతో మూసుకుపోయింది.

కీ లేదని తేలితే మూడు దారులు. ఒకటి, కొనడం. కొత్త లైసెన్సు ఖరీదు ఒక్కోసారి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ధరతో పోటీ పడుతుంది. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే కీ ఇస్తామనేవాళ్ల దగ్గర జాగ్రత్త. అవి చాలావరకు ఏ సంస్థ నుంచో పక్కదారి పట్టినవి. ఇవాళ పనిచేసి రేపు ఆగిపోవచ్చు. రెండోది, సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడే మైక్రోసాఫ్ట్ అనుమతి ఉన్న రీఫర్బిషర్ల దగ్గర కొనడం. వాళ్లు లైసెన్సుతో సహా ఇస్తారు. కీ లేకుండా ‘తర్వాత చూద్దాం’ అని విండోస్ వేసి వదిలేయడం కూడా కుదురుతుంది గానీ, తెరమూల ‘యాక్టివేట్ విండోస్’ అన్న రాత వెంటాడుతూనే ఉంటుంది. అలా వాడుకోవడాన్ని లైసెన్సు ఉన్నట్టు లెక్కలోకి తీసుకోరు.

మూడో దారి లినక్స్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం, లినస్ టోర్వాల్డ్స్ 1991లో రాసిన కెర్నల్.. ఈ రెండూ కలిసి పెరిగిన చెట్టు అది. ఉబుంటు, మింట్ లాంటివి దాని కొమ్మలే. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, పక్కింటివాళ్లకీ ఇవ్వవచ్చు, అన్నీ చట్టబద్ధమే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో ‘బాస్’ పేరుతో భారతీయ భాషల లినక్స్‌ని తెచ్చింది. హైదరాబాద్‌లోనే పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ని రూపొందించింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఇంటర్నెట్, ఉత్తరాలు, పాఠాల వీడియోలు, దరఖాస్తులు.. వీటి కోసమే కంప్యూటర్ వాడే ఇంటికి అది చాలు. ఇన్‌పేజ్ మీద, అను ఫాంట్ల మీద బతికేవాళ్లకు మాత్రం ఇంకా విండోస్ తప్పడం లేదు. నస్తాలీఖ్‌కీ తెలుగుకీ ఉచిత యూనికోడ్ ఫాంట్లు వచ్చినా, ఇరవై ఏళ్ల పాత ఫైళ్లన్నీ పాత పద్ధతిలోనే ఉన్నాయి మరి.

ఈ లెక్క ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్, కొత్త తరం ప్రాసెసర్ పాత వాటిలో ఉండవు. దాంతో ‘11 వేసిస్తా’ అంటూ అడ్డదారిలో ఎక్కించేవాళ్లు తయారయ్యారు. పనిచేస్తున్న పాత కంప్యూటర్‌కి అంతకంటే లినక్సే మర్యాద.

బేరానికి ముందు..

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే ఈ నాలుగు మాటలు చాలు. ల్యాప్‌టాప్ బల్లమీద పెట్టగానే, ‘‘ఇది హోమా, ప్రోనా చూసి, దీంతో వచ్చిందే వెయ్యండి’’ అనండి. ‘‘ముందు సీ డ్రైవ్‌లో ఉన్న నా ఫైళ్లు బయటికి తీసి చూపించండి, తర్వాతే ఫార్మాట్’’ అనండి. ‘‘క్రాక్ వద్దు, అప్‌డేట్లు ఆపొద్దు’’ అని చెప్పండి. తీసుకునే ముందు అక్కడే యాక్టివేషన్ పేజీ తెరిపించి చూడండి.

ఇక నాలుగో మాట చెప్పాక అతను ఓ రెండొందలు ఎక్కువ అడిగితే బేరమాడకండి. ఆ డబ్బు విండోస్‌కి కాదు. మీ అబ్బాయి టెన్త్ మెమో, మీ అమ్మ ఫొటో, మీ షాపు లెక్కలు పోకుండా చూసినందుకు ఒక పనివాడికి ఇచ్చే కూలి.